బాత్‌రోబ్: నాలుగేళ్లు వాడాక తేలిన సంగతులు

స్నానం చేశాక ఒంటికి చుట్టుకునే బాత్‌రోబ్ కొనేవాళ్లు దుకాణంలో మొదట చేసే పని దాన్ని చెంపకు ఆనించి చూడటం. ఆ మెత్తదనంలో చాలా వాటా మిల్లులో ఆఖరున పట్టించే సిలికాన్ పూతది. కొన్ని ఉతుకులకు పూత చాలావరకు పోతుంది, అసలు బట్ట అప్పుడు బయటపడుతుంది. పూత ఉన్నన్నాళ్లూ నీళ్లు సరిగా పీల్చదు కూడా. అందుకే కొత్త రోబ్‌ను వాడకముందే రెండుసార్లు ఉతకాలి.

విశాఖ తీరంలో ఓ చిన్న హోటల్ గదుల్లోనూ, ఇంట్లోనూ నాలుగేళ్లుగా నడుస్తున్న మూడు రకాల మీద ఈ సమీక్ష. ఒకటి 420 జీఎస్ఎం (చదరపు మీటరు బట్టకు గ్రాముల బరువు) వెలూర్, రెండోది 360 జీఎస్ఎం మామూలు టర్కీ (టవల్ బట్ట), మూడోది 240 జీఎస్ఎం వాఫిల్. మూడూ నూరు శాతం నూలు, మూడూ తెలుపే.

వెలూర్ అంటే టర్కీ బట్ట పైముఖం మీద లూపుల, అంటే పైకి లేచి ఉండే దారపు ఉంగరాల, తలలు కత్తిరించి మఖమల్‌లా చేసినది. చూపుకు ఇదే గొప్పగా ఉంటుంది, ఫొటోల్లో మరీను. ఒంటికి తగిలే లోపలి వైపు లూపులు ఉంటాయి కాబట్టి తడి పీల్చుకోవడంలో లోటు లేదు. చిక్కు కత్తిరించిన వైపే వస్తుంది: పోగు కొసలు పట్టు లేకుండా ఉండటంతో ఉతికినప్పుడల్లా నూగు రాలుతుంది. రెండేళ్లు తిరిగేసరికి చేతుల అంచులు, కూర్చునే చోటు బోడిగా అయ్యాయి. పైగా పెద్ద సైజు ఒక్కోటి కిలోన్నరకు దగ్గర. తడిస్తే ఇంట్లో దండెం కిందికి జారిపోతుంది. శ్రావణం ముసురులో ఒక పూటలో ఆరే మాటే లేదు, రెండో రోజుకు ముక్కిపోయిన వాసన మొదలవుతుంది. డ్రయ్యర్ లేని ఇంటికి దీన్ని కొనొద్దు.

360 టర్కీ మా ఓటు గెలిచింది, ముఖ్యంగా ఏసీ గదులకు. రెండువైపులా లూపులే. గాజులకు, వాచీకి, జిప్పులకు చిక్కుకుని లూపు సాగి బయటికి వస్తుంటుంది. దాన్ని లాగితే ఆ వరసంతా ఊడి గీత పడుతుంది. కత్తెరతో బట్ట మట్టానికి కత్తిరిస్తే చాలు, లూపు అడుగున పడుగు పేకలు బిగువుగా ఉంటే చిల్లు పడదు. బిగువు తెలుసుకోవాలంటే కొనేటప్పుడే ఒక లూపును గోటితో మెల్లగా పైకెత్తి చూడండి. పక్క లూపులు కదలకుండా ఉంటే నేత బాగున్నట్టు.

వాఫిల్ ఇంటికి సరైనది. గళ్లగళ్ల తేనెపట్టు నేత, 650 గ్రాముల బరువు, ఫ్యాను కింద వేసినా తొందరగా ఆరుతుంది. దీని పెద్ద లోపం కుదించుకుపోవడం. మొదటి మూడు ఉతుకుల్లో 120 సెంటీమీటర్ల పొడుగు 110కి వచ్చింది, చేతులు మణికట్టు దాటి పైకి పోయాయి. ఒక సైజు పెద్దది తీసుకోవాలి. రెండోది, 20 డిగ్రీల ఏసీలో ఇది చలి ఆపదు.

చీటీ మీద రాసిన జీఎస్ఎంను నమ్మనక్కర్లేదు, నడికట్టు (బెల్టు) తూచి చూడొచ్చు. 5 సెంటీమీటర్ల వెడల్పు బెల్టు రెండు పొరలు కలిపి 10, లోపలి కుట్టు మడతలకు ఇంకో 2, మొత్తం 12 సెంటీమీటర్లు. పొడుగు 1.8 మీటర్లైతే 0.216 చదరపు మీటర్లు. 400 జీఎస్ఎం బట్టైతే వంటింటి కాటాలో 86 గ్రాములు దగ్గరగా రావాలి. 65 వచ్చిందంటే అది 300 బట్ట. నూలా పాలిస్టరా అన్న అనుమానం ఉంటే కుట్టు మడతలోంచి రెండు పోగులు తీసి కాల్చండి: నూలు కాగితం వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది.

రోబ్ బట్ట కన్నా ముందు కుట్టు పోతుంది. జేబు పై మూలలు, బెల్టు లూపులు, చంక కింద అతుకు, ఈ మూడు చోట్లే చిరుగుతుంది. జేబు మూలల్లో దట్టంగా అడ్డకుట్టు, అంటే బార్‌టాక్, ఉండాలి. చంక దగ్గర ఒట్టి ఓవర్‌లాక్, అంటే అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు, సరిపోదు, దాని మీద ఇంకో వరస మడతకుట్టు కావాలి. బెల్టును వీపు మధ్యలో ఒక్క కుట్టుతో పట్టించెయ్యండి. హోటళ్లలో రోబ్‌ల కన్నా బెల్టులే ఎక్కువ పోతాయి.

టోకున తెచ్చుకునేవాళ్లకు మహారాష్ట్రలోని సోలాపూర్ దగ్గరి దారి. అక్కడి టర్కీ టవళ్లకు జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది, మగ్గాల వెనక తరాల కిందట వలస వెళ్లిన మన పద్మశాలీలు చాలామంది ఉన్నారు. తెలుగులోనే బేరం చేయొచ్చు. నమూనా ముక్క ఐదుసార్లు ఉతికి కొలిచాకే ఆర్డరివ్వాలి.

ఉతకడం దగ్గరే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. ఫాబ్రిక్ కండిషనర్ లూపుల మీద జిడ్డు పొరలా పేరుకుని పీల్చే గుణం తీసేస్తుంది, పూర్తిగా మానేయండి. బోరు నీటి సున్నం పట్టి రోబ్ అట్టలా బిగిస్తే ఆఖరి జాలింపులో అరకప్పు తెల్ల వెనిగర్ వేస్తే వదులుతుంది. బ్లీచ్ వాడిన నీళ్లలో మాత్రం వెనిగర్ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారు పడక్కర్లేదు. బాగా జాడించి ఎండలో రెండు రోజులు వేస్తే పోతుంది. గోరింటాకు మరక నూలు మీద నుంచి పోదు. రంగు రోబ్‌లు కావాలంటే బ్లీచ్‌ను తట్టుకునే వ్యాట్ అద్దకం అడగండి, మామూలుగా వాడే రియాక్టివ్ రంగులు చాలావరకు బ్లీచ్‌కు నిలవవు.

ఆయుర్వేద మసాజ్ ఉన్న హోటళ్లకు ఒక హెచ్చరిక. నూనె సరిగా వదలని రోబ్‌లు డ్రయ్యర్ నుంచి వేడివేడిగా తీసి కుప్పగా పోస్తే, లోపల వేడి పెరిగి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని విడిగా 60 డిగ్రీల నీళ్లలో ఉతికి, పూర్తిగా చల్లారాకే మడవాలి.

లెక్కకు వస్తే, గదికి రెండు చొప్పున 20 గదులకు, గదుల్లో 40, లాండ్రీలో 40, బీరువాలో 40, మొత్తం 120 ఉండాలి. 20 కిలోల మెషీన్‌ను 16 కిలోలకు మించి నింపకపోతే, 1.3 కిలోల టర్కీ రోబ్‌లు 12 పడతాయి, వాఫిల్‌వి 24. కరెంటు, నీళ్లు, మనిషి కూలీ అన్నీ ఈ అంకె మీదే నడుస్తాయి. ఏసీ తక్కువగా వాడే బీచ్ రిసార్టులు వాఫిల్‌కు మారడం మంచిది.

కాలర్ మడత దగ్గర లూపులు అరిగి అడుగు నేత కనబడిన రోజున రోబ్‌ను గది నుంచి తీసేయాలి. వీపు భాగం అప్పటికీ గట్టిగానే ఉంటుంది, కత్తిరించి అంచులు కుట్టిస్తే వంటింటి గట్టు తుడుచుకోవడానికి నాలుగు మంచి గుడ్డలు వస్తాయి.