బడ్ బెటికర్ వెస్టర్న్స్ డీవీడీ సెట్: కౌబాయ్ సినిమాల పిచ్చి ఉన్నోళ్ళు వదలకండి

హాలీవుడ్ డైరెక్టర్ బడ్ బెటికర్ తీసిన 5 వెస్టర్న్‌లతో (కౌబాయ్ సినిమాలు) సోనీ వాళ్ళు 2008లో తెచ్చిన సెట్ ఇది. అమెరికా నుంచి వస్తూ మా మావయ్య తెచ్చేడు, విజయనగరంలో మా ఇంట్లో ఆదివారాలు ఒక్కోటీ చూసేం. అన్నిట్లోనూ రాండాల్ఫ్ స్కాట్ హీరో, 1957 నుంచి 1960 లోపు కొలంబియా స్టూడియోకి తీసినవి, ఏదీ 80 నిమిషాలు మించదు, రైడ్ లోన్‌సమ్ అయితే 73 నిమిషాలే.

డబ్బులు తక్కువ కదా, అందుకే భారీ సెట్లూ జనం గుంపులూ లేకుండా కాలిఫోర్నియాలో లోన్ పైన్ దగ్గర గుట్టల్లోకి నలుగురైదుగురు నటుల్నీ గుర్రాల్నీ తోలుకెళ్ళి తీసేసేరు, ఆ గుండ్రాళ్ళు చూస్తే మన రామతీర్థం కొండలే అనిపిస్తాయి. మంచి మూడూ (ద టాల్ టి, రైడ్ లోన్‌సమ్, కమాంచీ స్టేషన్) అలా బయట తీసినవే, మూడూ బర్ట్ కెనెడీ రాసినవే. విలన్లని చూడండి అసలు! టాల్ టిలో రిచర్డ్ బూన్ హత్యలు చేయించే మనిషి, అయినా స్కాట్ పక్కన కూర్చుని నాకూ ఓ సొంత చోటు ఉంటే బాగుణ్ణు అన్నట్టు మాట్లాడుతుంటే వీడు బతికిపోతే బాగుణ్ణు అనిపించేస్తాది. రైడ్ లోన్‌సమ్‌లో లీ వాన్ క్లీఫ్ ఉన్నది కాసేపే, జేమ్స్ కోబర్న్‌కి అది మొదటి సినిమా. ఆ ఉరి చెట్టు దగ్గర సీను గురించి చెప్పను, చూడాల్సిందే.

డిసిషన్ ఎట్ సన్‌డౌన్ మొత్తం ఊళ్ళోనే, కొంచెం నత్తనడక, కానీ హీరో పగే తప్పు అని చూపించడానికి ధైర్యం కావాలి. బుకానన్ రైడ్స్ అలోన్ సరదాగా పోతాది అంతే.

సెట్లో బెటికర్ మీద డాక్యుమెంటరీ కూడా ఉంది, అది మాత్రం దాటెయ్యకండి. కుర్రాడప్పుడు మెక్సికో వెళ్ళి ఎద్దులతో పోరాటం నేర్చుకున్నాడు, దాని మీద 1951లో తీసిన సినిమా కథకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కమాంచీ స్టేషన్ అయ్యేక హాలీవుడ్ వదిలేసి కార్లోస్ అరూజా అనే ఎద్దుల వీరుడి మీద డాక్యుమెంటరీ తీద్దామని మళ్ళీ మెక్సికో పోయేడు, డబ్బు పోయింది, పెళ్ళి పోయింది, జైలూ పిచ్చాసుపత్రీ చూసేడు, 1966లో ఆ అరూజాయే కారు ప్రమాదంలో పోయేడు, అయినా వదల్లేదండీ, పూర్తి చేసేడు, 1972లో విడుదలైంది. చేతికొచ్చిన కెరీర్ అలా వదులుకున్నందుకు నాకు చాలా బాధేసింది, ఆ వయసులో ఇంకో పది వెస్టర్న్‌లు తీసేవాడు.

లోటు ఒకటే, స్కాట్‌తో మొదటిదైన సెవెన్ మెన్ ఫ్రమ్ నౌ (1956) ఇందులో లేదు, అది హీరో జాన్ వేన్ సొంత సినిమా కంపెనీది. ఇంకోటి, ఇవి రీజియన్ 1 (అంటే అమెరికా, కెనడా ప్లేయర్లకి చేసిన) డిస్కులు, మన ప్లేయర్లో ఆడతాయో లేదో కొనేముందే చూసుకోండి. 4కే ప్లేయర్ ఉన్నోళ్ళయితే 2023లో క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ తెచ్చిన సెట్టే తీసుకోండి, అందులోనూ ఇవే 5 సినిమాలు.