పత్రికాఫీసులో పుట్టిన జాంగో: కొత్తవాళ్లకు నా సిఫార్సు, కొన్ని షరతులతో

పైథాన్‌లో లూపులు, ఫంక్షన్లు, క్లాసులు ఓ మోస్తరుగా వచ్చేశాయి, ఇక వెబ్‌సైటు కట్టాలంటే ఏది పట్టుకోవాలి అని అడిగేవాళ్లకు నేను జాంగో పేరే చెబుతాను. వెబ్‌సైటుకు కావాల్సిన సరంజామా ముందే అమర్చిపెట్టిన పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఇది. 1.8 వెర్షన్ రోజుల నుంచి నా బతుకుదెరువు దీనిమీదే. స్కూలు ఫీజుల లెక్కలు, డాక్టర్ల అపాయింట్‌మెంట్లు, తెలుగు పుస్తకాల అమ్మకం, అన్నీ దీంతోనే చేశాను. టీమ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలకూ ముందు ఇదే చేతికిస్తాను. కాకపోతే కొన్ని సంగతులు చెప్పి మరీ ఇస్తాను.

జాంగో ఏ పెద్ద టెక్ కంపెనీలోనో పుట్టలేదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో ఓ స్థానిక దినపత్రిక ఉంది, లారెన్స్ జర్నల్-వరల్డ్. 2003లో అక్కడ పనిచేస్తున్న ఏడ్రియన్ హొలోవాటీ, సైమన్ విల్లిసన్ తమ పనికోసం రాసుకోవడం మొదలుపెట్టిన కోడు ఇది. 2005 జూలైలో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చింది. పత్రికాఫీసులో పని ఎలా ఉంటుందో తెలిసిందే: అడిగిన పేజీ గంటల్లో సైటులో ఉండాలి. పైగా కోడు రాసేది ప్రోగ్రామరే అయినా రోజూ సమాచారం ఎక్కించేది విలేకరులు, సబ్ ఎడిటర్లు. ఈ రెండూ మనసులో పెట్టుకుంటే జాంగో ఎందుకిలా ఉందో చాలావరకు తెలిసిపోతుంది. ఆ ఊరి ఆనవాళ్లు ఇంకా పోలేదు. సెట్టింగ్స్ ఫైల్లో టైమ్‌జోన్ లైను తీసేసి చూడండి, జాంగో నేరుగా షికాగో టైముకి వెళ్లిపోతుంది. లారెన్స్‌లో గడియారాలు చూపించేదీ అదే టైము. ఇంగ్లీషు సైటులో సమయం చూపించమంటే మధ్యాహ్నం పన్నెండింటికి అంకె బదులు ‘నూన్’ అని రాస్తుంది, అచ్చం అమెరికన్ పేపర్లలాగే. మనవాళ్లు మొదటిరోజే ఏషియా/కోల్‌కతా అని పెట్టుకోవాలి.

కొత్తవాళ్లను కట్టిపడేసేది అడ్మిన్, అంటే సమాచారం ఎక్కించడానికి, మార్చడానికి జాంగో తనంతట తానే తయారుచేసి ఇచ్చే పేజీలు. పుస్తకం అంటే పేరు, రచయిత, ధర, పేజీలు అని మోడల్స్ ఫైల్లో ఓ క్లాసు రాస్తారు. మైగ్రేషన్ (డేటాబేసు పట్టికల్లో చేయాల్సిన మార్పుల చిట్టా) తయారుచేయమని ఒక కమాండు, దాన్ని డేటాబేసుకు ఎక్కించమని ఇంకో కమాండు. సూపర్ యూజర్‌ని సృష్టించి, అడ్మిన్ ఫైల్లో ఆ మోడల్‌ని రిజిస్టర్ చేస్తే చాలు. లాగిన్, జాబితా, కొత్తది చేర్చే ఫారం, తీసేసే బటన్, ఎవరు ఎప్పుడు ఏం మార్చారనే చరిత్ర, అన్నీ సిద్ధం. లిస్ట్ డిస్‌ప్లే, సెర్చ్ ఫీల్డ్స్, లిస్ట్ ఫిల్టర్ అని మరో మూడు లైన్లు కలిపితే ఆఫీసులో కూర్చున్నవాళ్లు రోజంతా వాడుకునే సరుకవుతుంది. పుస్తకాల సైటు చేసినప్పుడు బయటి పేజీలు ఒక్కటీ తయారుకాకముందే షాపులో ఉండే అమ్మాయి అడ్మిన్‌లో కూర్చుని తెలుగు పేర్లు, ధరలు ఎక్కించడం మొదలుపెట్టింది. నేను డిజైన్ పూర్తిచేసేసరికి చూపించడానికి అసలు సరుకు ఉంది. లాంగ్వేజ్ కోడ్ ‘టీఈ’ అని పెడితే అడ్మిన్‌లోని మాటలు కూడా చాలావరకు తెలుగులోకి మారతాయి. అనువాదం అక్కడక్కడ అతుకుల బొంతలా ఉంటుంది, అది వేరే సంగతి.

అడ్మిన్ బాగుంది కదా అని కస్టమర్లకు కూడా అదే తెరిచిపెట్టేవాళ్లున్నారు. అది సంస్థ లోపలివాళ్ల కోసమే అని జాంగో డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది. బయటివాళ్ల పేజీలు మీరు రాసుకోవాల్సిందే.

మైగ్రేషన్లు మొదట్లో విసుగు పుట్టిస్తాయి. రెండోసారి మోడల్ మార్చాల్సి వచ్చినప్పుడు వాటి విలువ తెలుస్తుంది. 2014లో వచ్చిన 1.7 నుంచి ఇవి జాంగోలోనే భాగం, అంతకుముందు సౌత్ అనే వేరే లైబ్రరీ తెచ్చుకోవాల్సి వచ్చేది. ఓఆర్‌ఎం, అంటే ఎస్‌క్యూఎల్ (డేటాబేసు భాష) రాయకుండా పైథాన్‌తోనే డేటాబేసును అడిగే సదుపాయం, అదీ మంచిదే కానీ సుఖానికి అలవాటు చేస్తుంది. వంద పుస్తకాల జాబితాలో ఒక్కో పుస్తకానికి రచయిత పేరు చూపించాలనుకోండి. మామూలుగా రాస్తే డేటాబేసుకు నూటొక్క క్వెరీలు (ప్రశ్నలు) వెళ్తాయి: జాబితాకు ఒకటి, ఒక్కో పుస్తకం రచయితకు ఒక్కోటి. సెలెక్ట్ రిలేటెడ్ అని ఒక్క మాట చేరిస్తే మొత్తం ఒకే క్వెరీతో సరిపోతుంది. సొంత ల్యాప్‌టాప్‌లో పది పుస్తకాలతో ఇది కంటికి కనిపించదు. అందుకే ఏ పేజీకి ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో చూపించే డీబగ్ టూల్‌బార్ నేర్చుకునే రోజుల నుంచే పెట్టుకోమంటాను. ఎస్‌క్యూఎల్ రాకపోయినా ఫర్వాలేదు అని ఎవరన్నా చెబితే నమ్మకండి.

ఫ్లాస్క్ అనే చిన్న పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఇంకా తేలిక కదా అంటారు. మొదటిరోజు తేలికే. లాగిన్, ఫారాలు, డేటాబేసు అవసరం పడ్డ రోజు ఒక్కోదానికి ఒక్కో లైబ్రరీ వెతికి, ఏది మంచిదో మీరే తేల్చుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ తేల్చుకునే అనుభవం ఎక్కణ్నుంచి వస్తుంది? జాంగో వాటిని ముందే తేల్చిపెట్టింది. పాస్‌వర్డ్ నేరుగా దాచకుండా హ్యాష్ చేస్తుంది (వెనక్కి తిప్పలేని రూపంలోకి మారుస్తుంది), టెంప్లేట్‌లోకి (పేజీ హెచ్‌టీఎంఎల్ అచ్చులోకి) ఎవరైనా స్క్రిప్టు దూర్చితే దాన్ని ఉత్త అక్షరాలుగా మార్చి చూపిస్తుంది. ఫారం మీ సైటు నుంచే వచ్చిందని రుజువు చేసే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ అందులో పెట్టకపోతే 403 (అనుమతి లేదు) అని మొహాన కొడుతుంది. ఆ 403 చూసి తిట్టుకోని కొత్త ప్రోగ్రామర్ ఉండడు. అడ్డదారిలో ఆ రక్షణ తీసేసే కోడు కూడా నెట్‌లో దొరుకుతుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

అమీర్‌పేట గోడలమీద ఫుల్ స్టాక్ కోర్సుల బ్యానర్లలో బ్రౌజర్‌లో పేజీలు కట్టే రియాక్ట్, దానికి డేటా అందించే ఏపీఐలు రాయడానికి వాడే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లకు తప్పు ఎటువైపు ఉందో తేల్చుకోవడమే పెద్ద పనైపోతుంది. నా సలహా అడిగితే మొదటి ప్రాజెక్టు మామూలు టెంప్లేట్లతోనే చేయండి, ఏపీఐల సంగతి తర్వాత. వ్యూలు (ఒక్కో పేజీకి జవాబు తయారుచేసే కోడు) కూడా ఫంక్షన్లుగానే రాయండి. డాక్యుమెంటేషన్‌లో ఉన్న ఓటింగ్ యాప్ ట్యుటోరియల్ చాలా మంచిది. కానీ అందులో నాలుగో భాగానికే జెనరిక్ వ్యూలు (జాంగో ముందే రాసిపెట్టిన వ్యూ క్లాసులు) వచ్చేస్తాయి. అది తొందర అనిపిస్తుంది నాకు. లైన్లు తగ్గుతాయి గానీ లోపల ఏం జరుగుతోందో చూడాలంటే నాలుగైదు పేరెంట్ క్లాసులు తిరగాలి.

తెలుగు సైటు చేసేవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. వార్త శీర్షిక నుంచి యూఆర్‌ఎల్ ముక్క తయారుచేయడానికి స్లగిఫై అనే ఫంక్షన్ ఉంది. తెలుగు శీర్షిక ఇస్తే మామూలుగా ఖాళీ స్ట్రింగు వస్తుంది. యూనికోడ్ అనుమతించమని చెబితే ఇంకా వింత: ‘తెలుగు’ కాస్తా ‘తలగ’ అయిపోతుంది. కారణం పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (అక్షరాల నమూనాలు వెతికే పద్ధతిలో) ఉంది. అవి మన గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించవు, స్లగిఫై వాటిని చెత్తగా భావించి ఊడ్చేస్తుంది. యూఆర్‌ఎల్స్‌లో వాడే స్లగ్ కన్వర్టరూ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, రెండు రకాల గీతలు తప్ప ఇంకేమీ ఒప్పుకోదు. నేనైతే యూఆర్‌ఎల్‌లో పుస్తకం నంబరు పెట్టేసి, దాని పక్కన ఇంగ్లీషు లిపిలో రాసిన పేరు పెడతాను. డబ్బు విషయంలో మాత్రం మనల్ని పట్టించుకున్నారు. వేల కామాల సెట్టింగు ఆన్ చేసి, అంకెల గుంపు సెట్టింగులో 3, 2, 0 అని ఇస్తే తెలుగు సైటులో లక్షలు, కోట్లు మన పద్ధతిలో కామాలతో వస్తాయి.

ఇంకో షరతు యూజర్ మోడల్‌ది. జాంగో ఇచ్చే యూజర్‌కు యూజర్‌నేమ్ ఉంటుంది. మన దగ్గర క్లయింటు అడిగేదేమో ఫోన్ నంబరు, ఓటీపీ. ప్రాజెక్టు మధ్యలో యూజర్ మోడల్ మార్చడం నరకం. కాబట్టి మొదటి మైగ్రేషన్ నడపకముందే సొంత యూజర్ మోడల్ పెట్టుకోండి, ప్రస్తుతానికి అందులో ఏమీ లేకపోయినా సరే.

దీన్ని సర్వర్‌కు ఎక్కించడం దగ్గర మాత్రం నేను జాంగోకు తక్కువ మార్కులే వేస్తాను. పీహెచ్‌పీ అయితే మామూలు హోస్టింగులో ఫైళ్లు పెట్టేస్తే నడుస్తుంది. ఇక్కడ జాంగోతో వచ్చే రన్‌సర్వర్ ఇంట్లో వాడుకోవడానికే పనికొస్తుంది. అసలు సర్వర్‌లో పైథాన్ కోడు నడిపే గునికార్న్ లాంటిది కావాలి, దాని ముందు బయటి రిక్వెస్టులు అందుకునే ఎంజిన్‌ఎక్స్ లాంటిది కావాలి. డీబగ్ సెట్టింగు ఆపకపోతే తప్పు వచ్చినప్పుడల్లా మీ కోడు ముక్కలు ఊరందరికీ కనిపిస్తాయి. ఆపితే అలౌడ్ హోస్ట్స్ సెట్టింగులో డొమైన్ రాయలేదని సైటు మొరాయిస్తుంది. అది రాశాక పేజీ వస్తుంది గానీ సీఎస్‌ఎస్ మాయం, ఎందుకంటే డీబగ్ ఆగగానే స్టాటిక్ ఫైళ్లు (సీఎస్‌ఎస్, బొమ్మల లాంటివి) ఇవ్వడం జాంగో మానేస్తుంది. ఆ ఫైళ్లన్నీ ఒకచోటికి చేర్చే కలెక్ట్‌స్టాటిక్ కమాండు నడిపి, వాటిని అందించే వైట్‌నాయిస్ లైబ్రరీ పెట్టుకుంటే ఆ తలనొప్పి తీరుతుంది. ఇవన్నీ డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి, కానీ ఒక్కచోట లేవు.

నిమిషనిమిషానికీ మారే చాట్, లైవ్ స్కోర్ల లాంటివే మీ మొదటి ఆలోచన అయితే జాంగో వద్దు. ఛానెల్స్ అనే అదనపు లైబ్రరీతో చేయొచ్చు, అయినా కొత్తవాళ్ల పని కాదు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు 5.2 వేసుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఈ వెర్షన్‌కు దీర్ఘకాల మద్దతు ఉంది, 2028 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు యూఆర్‌ఎల్స్ ఫైలు ఒక్కసారి గమనించండి. ఇప్పటి పద్ధతిలో అక్కడ ‘పాత్’ ఉండాలి. ‘యూఆర్‌ఎల్’ అనే ఫంక్షన్, దాని వెనక టోపీ గుర్తుతో మొదలయ్యే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కనిపిస్తే ఆ వీడియో పాతది. 4.0లో ఆ ఫంక్షన్‌నే తీసేశారు, చూసి టైప్ చేసినా నడవదు.