బెర్లిన్‌లో పది యూరోల ముద్ర

పది యూరోలు, అంటే అప్పటి మన లెక్కలో తొమ్మిది వందలు, పోతే పోయాయి. మా ఆవిడ పాస్‌పోర్టు పాడైంది, అదీ నా ఏడుపు. గోడ ఉన్న రోజుల్లో తూర్పు, పశ్చిమ బెర్లిన్ల మధ్య సరిహద్దు దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీ దగ్గర ఫుట్‌పాత్ మీద ఒకడు "పాత సరిహద్దు ముద్రలు, జ్ఞాపకంగా ఉంచుకోండి" అన్నాడు. కాగితం మీద వేస్తాడనుకున్నాం. పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని వీసా పక్క పేజీలో టపటపా ఐదు కొట్టేశాడు. కాఫీ తేవడానికి వెళ్లిన మా అమ్మాయి తిరిగొచ్చి తల పట్టుకుంది. "నాన్నా, ఇలాంటి ముద్రలుంటే పాస్‌పోర్టు చెల్లదంటారేమో!" తిరుగు ప్రయాణంలో అధికారి ఆ పేజీని గోటితో గీకి చూసి వదిలేసేదాకా ప్రాణాలు గుప్పిట్లోనే ఉన్నాయి. అక్కడ పాస్‌పోర్టు సంచిలోంచి బయటికి తియ్యకండి.

ఇంకో సంగతి, అక్కడి కాపలా గది కూడా నకలే. 1990 జూన్‌లో తీసేసిన అసలు గది క్లేయల్లే వీధిలోని అలైడ్ మ్యూజియంలో ఉంది. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. 1948లో సోవియట్లు దారులు మూసేస్తే పశ్చిమ బెర్లిన్‌కు బొగ్గూ పిండీ మోసిన విమానాల్లో ఒకటి ఆరుబయట నిలబెట్టారు. మా ఆవిడ దాన్ని చూడనైనా చూడలేదు.



సాయంత్రం అమ్మాయి వాన్‌జే చెరువు ఒడ్డున ఉన్న అమెరికన్ అకాడమీకి లాక్కెళ్లింది. మేం వెళ్లిన 2024లో బస్సులకూ రైళ్లకూ రోజు టికెట్ మనిషికి 9.90 యూరోలు. నాజీల వల్ల దేశం విడిచిన యూదు బ్యాంకరు హాన్స్ ఆర్న్‌హోల్డ్ ఇల్లది. అమెరికా సైన్యం బెర్లిన్ వదిలిన 1994లోనే, జర్మనీలో అప్పటి అమెరికా రాయబారి రిచర్డ్ హోల్‌బ్రూక్ చొరవతో అకాడమీ మొదలైంది. అక్కడికి అమెరికా నుంచి పండితులు, రచయితలు, చిత్రకారులు వచ్చి కొన్ని నెలలుండి పనిచేసుకుంటారు. ఉపన్యాసాలు ఉచితమే, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. గేటు బయట బెంచీ మీద పులిహోర తిని లోపలికెళ్లాం.

ఆ రోజు మాట్లాడినావిడ జర్మనీలో పనిచేసిన నల్లజాతి అమెరికన్ సైనికుల గురించి చెప్పింది. సొంత ఊళ్లో కూర్చోనివ్వని హోటళ్లలాంటి చోట ఇక్కడ కూర్చుని తిన్నవాళ్లు, వెనక్కెళ్లి అదే హక్కు అడిగారట. ఇంగ్లీషు సగమే అర్థమవుతున్న మా ఆవిడకు అమ్మాయి చెవిలో చెబుతోంది. మాట మార్టిన్ లూథర్ కింగ్ మీదికి మళ్లింది. 1964 సెప్టెంబరులో ఆయన తూర్పు బెర్లిన్ చర్చిలో ప్రసంగించాలి. వెళ్లకుండా అమెరికా అధికారులు పాస్‌పోర్టు తీసేసుకున్నారు. ఆయన చెక్‌పాయింట్ చార్లీకే వెళ్లి, గుర్తింపుగా క్రెడిట్ కార్డు చూపించి దాటాడు.

పొద్దుట్నుంచి నోరు విప్పని మా ఆవిడ అప్పుడు నా డొక్కలో పొడిచింది. "ఆయనకు ముద్ర కొట్టడానికి పుస్తకమే లేదన్నమాట. అదృష్టవంతుడు."