అక్షరాలా బుట్టదాఖలు: పాత విండోస్‌లో ఐకాన్లు మార్చుకున్న పదేళ్ళ అనుభవం

డెస్క్‌టాప్ మీద బొమ్మలు మార్చుకోవడం ఎలాగో చెప్పేవాళ్ళు వీధికి నలుగురుంటారండి. మార్చాక వెనక్కి రావడం ఎలాగో అడిగితే మాత్రం అందరూ ఒకటే మాట, "ఫార్మాట్ కొట్టెయ్యండి". అందుకే నాకు ఆ వెనక్కొచ్చే దారి మీద ప్రత్యేకమైన ప్రేమ. 'డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్' పెట్టెలో 'చేంజ్ ఐకాన్' పక్కనే 'రిస్టోర్ డిఫాల్ట్' అని ఇంకో బటన్ ఉంటుంది. పదేళ్ళ వాడకంలో నాకు దాంతో పని పడింది రెండే రోజులు. మొదటి రోజు దానికి దణ్ణం పెట్టాను. రెండో రోజు పెట్టలేదు. ఆ సంగతే చెబుతాను.

మాది కోనసీమ అంబాజీపేటలో చిన్న డీటీపీ, జిరాక్సు కొట్టు. సిస్టమ్ 2012లో అసెంబుల్ చేయించింది, విండోస్ 7. ఇంకా దాన్నే ఎందుకు పట్టుకు వేలాడుతున్నావని అడక్కండి. కార్డులు కంపోజు చేసే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపు చేసే అను స్క్రిప్టు అందులోనే ఉన్నాయి, నా వేళ్ళకి అను కీబోర్డు తప్ప ఇంకోటి రాదు. 2020 జనవరి 14తో విండోస్ 7కి అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి ఆ నెలలోనే నెట్ వైరు పీకేశాను. ఆన్‌లైన్ పనులన్నీ పక్కనున్న ల్యాప్‌టాప్‌లో.

ఐకాన్లు మార్చింది సరదాకి కాదు, మా నాన్న కోసం. కొబ్బరి మార్కెట్లో గుమాస్తాగా చేసి మానేశాక, నేను భోజనానికి వెళ్ళే టైములో ఆయన కొట్లో కూర్చుంటారు. తెలుగు రాస్తే ముత్యాలు. ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. ఐకాన్ల కింద పేర్లు తెలుగులో పెట్టి చూశాను, అంత చిన్న అక్షరాలు ఆయన కంటికి ఆనలేదు. బొమ్మ అయితే గుర్తుపడతారు కదా అని మొదలుపెట్టాను. పేజ్‌మేకర్‌కి వినాయకుడు, ఎందుకంటే ఏ శుభలేఖ అయినా ఆయనతోనే మొదలు. స్కానర్‌కి కళ్ళజోడు. విండోస్‌లోనే ఉండే 'షెల్32' అనే ఫైల్లో రెడీమేడ్ బొమ్మలు చాలా ఉంటాయి, అందులో ఒక పచ్చటి చెట్టు కూడా ఉంది. నాన్న దాన్ని చూసి, "చెట్టంటే చెట్టే గానీ, మన చెట్టు కాదురా" అన్నారు.

ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది. మా ఇంట్లో ఉన్న కొబ్బరికాయల గంపనే ఖాళీగా ఒకటి, ఒలిచిన కాయలతో నిండుగా ఒకటి ఫొటో తీసి, వెనకదంతా చెరిపేసి ఐకాన్ ఫైళ్ళుగా మార్చాను. తీసేసిన ఫైళ్ళు వెళ్ళిపడే చెత్తబుట్ట, అదే రీసైకిల్ బిన్‌కి, రెండు బొమ్మలు పెట్టుకోవచ్చు, ఖాళీగా ఉన్నప్పుడొకటి, నిండినప్పుడొకటి. ఖాళీ గంప, నిండు గంప! ఇంతకన్నా బాగా ఎవరికైనా కుదురుతుందా అనుకున్నాను. మొదట 256 సైజు ఒక్కటే చేశాను, చిన్నగా కనిపించాల్సిన చోట గంప కాస్తా మసిగుడ్డలా తయారైంది. అదే ఫైల్లో 16, 32, 48 సైజులు కూడా విడివిడిగా పెడితే అప్పుడు అల్లిక కనబడింది. డెస్క్‌టాప్ మీద కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే ఐకాన్లు పెద్దవవుతాయి, నాన్నకి అది బాగా నచ్చింది. వచ్చినవాళ్ళు కూడా ముచ్చటపడేవారు. "మీ కంప్యూటరు కాయలు కూడా లెక్కెడతదా ఏటండీ?" అనడిగాడొకాయన.

ఇలా రెండేళ్ళు గడిచాయి. అప్పట్లో ఎవరైనా అడిగుంటే ఐదుకి ఐదు నక్షత్రాలు ఇచ్చేసేవాణ్ణి.

ఇక ఆ మాఘమాసం. పెళ్ళిళ్ళ సీజన్లో మా కొట్టు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, డెస్క్‌టాప్ మీద ఫైళ్ళు ఒకదాని మీద ఒకటి. భోజనానికి వెళ్తూ, "అయిపోయినవి పక్కన పడెయ్ నాన్నా, ఖాళీ చేస్తే నాకు వెతుక్కోవడం తేలిక" అన్నాను. పక్కన అంటే 'పూర్తయినవి' అనే ఫోల్డరని నా ఉద్దేశం. ఆ ఫోల్డర్‌కి బొమ్మ పెట్టడం మర్చిపోయాను, అందరికీ ఉండే పసుపు కవరే దానిక్కూడా. నాన్న ఒక్కో ఫైలునీ మౌస్‌తో జాగ్రత్తగా లాక్కెళ్ళి గంపలో వేశారు. ఆ ఒక్కరోజే కాదు, వారం పైన.

గంప నిండుతూంటే బొమ్మ మారాలి కదా, మీరు చూసుకోలేదా అంటారు. మారలేదండి. సొంత బొమ్మ పెట్టాక తెరని రిఫ్రెష్ చేసే ఎఫ్5 నొక్కితే తప్ప ఖాళీ గంప నిండు గంప అయ్యేది కాదు. ఎప్పుడూ ఖాళీగా కనబడేసరికి నాన్న, వేసిన ఫైలు వేసినట్టు ప్రింటింగుకి వెళ్ళిపోతోంది అనుకున్నారు. డిలీట్ చేసేముందు 'ఖాయమేనా' అని అడిగే పెట్టె ఒకటి వస్తుంది, విసుగుపుట్టి దాన్ని నేనే ఎప్పుడో ఆపేశాను. ఇన్ని తప్పులూ నావే.

ఒక సాయంత్రం సీ డ్రైవ్ ఎర్రగీత చూపించింది. కుడి క్లిక్, 'ఎంప్టీ రీసైకిల్ బిన్'. ఇన్ని ఐటమ్స్ శాశ్వతంగా తీసెయ్యనా అని అడిగింది. సంఖ్య కాస్త పెద్దగానే అనిపించింది. స్కానింగ్ చెత్త అయ్యుంటుందిలే అని 'ఎస్' నొక్కాను.

మర్నాడు పొద్దున్నే లంక గ్రామం నుంచి పంటు మీద, అదే రేవు పడవ మీద, గోదారి దాటి ఒకాయన వచ్చాడు. ముహూర్తం మారిందట, ఒక్క లైను సరిచేసి ఇస్తే చాలట. డెస్క్‌టాప్ మీద ఫైలు లేదు. ఫోల్డర్‌లో లేదు.

"నాన్నా, ఆ లంక వాళ్ళ కార్డు ఏదీ?"

"గంపలో ఉందిగా."

"ఏ గంప?"

ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి, చూపుడువేలు తెర మీద ఆనించి చూపించారు. వేలి కింద ఖాళీ గంప. ఈసారి అది నిజంగానే ఖాళీ.

ఏదో పనికిరానిది పక్కనపెడితే బుట్టదాఖలు చేశారంటాం కదా, మా కొట్లో అది మాటలో ఉన్నది ఉన్నట్టు జరిగింది. పోయిన ఫైళ్ళు వెతికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి చూశాను. పేర్లు వచ్చాయి గానీ తెరిస్తే సగం ఫైళ్ళు తెరుచుకోలేదు. ఒక కార్డులో వరుడి తరఫు మాత్రం మిగిలింది. గట్టెక్కించింది కాగితమే. ప్రూఫు ప్రింటు మీద ఎర్రపెన్నుతో దిద్దిన కాపీలన్నీ మేకుకి గుచ్చి ఉంచడం మా అలవాటు, అవి ముందు పెట్టుకుని రాత్రి రెండింటి దాకా మళ్ళీ కంపోజు చేశాను. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. ఆ లంకాయన పాపం ఏమీ అనలేదు. టీ తాగి, బెంచీ మీదే నడుం వాల్చి, కార్డు చేతికొచ్చాకే పంటెక్కాడు.

నేను నాన్న మీద అరుద్దామనే అనుకున్నాను. ఆయన ముందే అందుకున్నారు. "గంప బొమ్మ పెట్టి చెత్తబుట్ట అంటే ఎలారా? గంపలో చెత్త ఎవడేస్తాడు? ఒలిచిన కాయ గంపలోకి కాకపోతే ఎక్కడికెళ్తుంది?" నలభై ఏళ్ళు గంపలు లెక్కపెట్టిన మనిషాయన. నా దగ్గర జవాబు లేదు.

ఇదుగో, ఆ తెల్లారే 'రిస్టోర్ డిఫాల్ట్' నొక్కాను. డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేసి 'పర్సనలైజ్', ఎడమవైపు 'చేంజ్ డెస్క్‌టాప్ ఐకాన్స్'. అక్కడ నిండు బిన్, ఖాళీ బిన్ వేరువేరుగా ఉంటాయి. ఒకదాన్ని ఎంచుకుని నొక్కితే రెండోది మారదు, దానికి మళ్ళీ నొక్కాలి. ఆ తర్వాత 'అప్లై'. రెండు సెకన్లలో గంప పోయి పాత గాజు బుట్ట వచ్చి కూర్చుంది. ఫార్మాట్ లేదు, మెకానిక్ లేడు. అదే నేను దణ్ణం పెట్టిన రోజు.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ ఎఫ్5 జబ్బుకి కూడా మందుంది. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో రీసైకిల్ బిన్ 'డిఫాల్ట్‌ఐకాన్' దగ్గర మూడు విలువలుంటాయి, మనం పెట్టిన ఐకాన్ ఫైలు దారి రాసుండేది అందులోనే. మూడింటి చివరా కామా, సున్నా చేర్చి, ఒకసారి లాగాఫ్ అయి వస్తే బొమ్మ దానంతటదే మారుతుంది. మా ఇంకో సిస్టమ్‌లో పెట్టి చూశాను, మారింది. అయితే రిజిస్ట్రీలో చెయ్యిపెట్టే ముందు ఆ భాగాన్ని 'ఎక్స్‌పోర్ట్' చేసి దాచుకోండి. నిద్రమత్తులో అసలే వద్దు.

ఇక దణ్ణం పెట్టని రోజు. 2022లో కోనసీమ జిల్లా విడిగా ఏర్పడ్డాక ఊళ్ళో ప్రతి సొసైటీ, ప్రతి కొట్టూ లెటర్‌హెడ్ మార్పించుకుంది. సరిగ్గా ఆ హడావిడిలో డీ డ్రైవ్ ఉన్న హార్డ్ డిస్క్ పోయింది. పని ఫైళ్ళకి కాపీలున్నాయి, గంప సంఘటన తర్వాత ఆ మాత్రం బుద్ధి వచ్చింది. కానీ నా బొమ్మలన్నీ డీలోనే పెట్టాను. ప్రోగ్రామ్ తెరవడానికి డెస్క్‌టాప్ మీద పెట్టుకునే షార్ట్‌కట్‌లో ఉండేది బొమ్మ కాదండి, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా. ఇల్లే కూలిపోయాక చిరునామా ఏం చేస్తుంది? మొదట కొన్నాళ్ళు పాత బొమ్మలే కనబడ్డాయి, విండోస్ వాటి నకళ్ళు ఒక క్యాష్ ఫైల్లో దాచుకుంటుంది కాబట్టి. తర్వాత ఒక ఉదయం వినాయకుడు, కళ్ళజోడు, బల్బు అన్నీ తెల్లకాగితాలైపోయాయి.

పరిగెత్తుకెళ్ళి మన బటన్ ఉన్న పెట్టె తెరిచాను. అక్కడ కంప్యూటర్, యూజర్ ఫైల్స్, నెట్‌వర్క్, రెండు రకాల బిన్ను తప్ప ఇంకేమీ లేవు. దాని అధికారం అంతవరకే. ఫోల్డర్‌కైతే 'ప్రాపర్టీస్', 'కస్టమైజ్', 'చేంజ్ ఐకాన్' లోపల 'రిస్టోర్ డిఫాల్ట్స్' అని వేరే ఉంది, పర్లేదు. ప్రోగ్రాముల షార్ట్‌కట్‌కి అది కూడా లేదు. 'చేంజ్ ఐకాన్'లోకి వెళ్ళి, ఆ ప్రోగ్రామ్ అసలు ఫైలు ఎక్కడుందో మనమే వెతికి చూపించాలి. దానికన్నా షార్ట్‌కట్ తీసేసి కొత్తది పెట్టుకోవడం నయం. ఇరవై పైచిలుకు చేశాను. కాబట్టి పైన 'రెండు సెకన్లు' అంటూ చేసిన పొగడ్తని సగానికి తగ్గించి చదువుకోండి.

ఇన్ని చేసినా కొన్ని తెల్లగానే ఉండిపోతే అది క్యాష్ పని. యూజర్ ఫోల్డర్‌లో 'యాప్‌డేటా', అందులో 'లోకల్', అక్కడ 'ఐకాన్‌క్యాష్' అనే దాచిన ఫైలు ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో, డెస్క్‌టాప్‌ని చూపించే ఎక్స్‌ప్లోరర్‌ని ఆపి, కమాండ్ ప్రాంప్ట్‌లోంచి ఆ ఫైలు తీసేసి, మళ్ళీ ఎక్స్‌ప్లోరర్‌ని లేపాలి. ఆపకుండా తీసేస్తే షట్‌డౌన్ టైములో పాతదే మళ్ళీ రాసిపెడుతుంది. మొదటిసారి తెరిచినప్పుడు ఐకాన్లు పంక్తిలో విస్తళ్ళు వేసినట్టు ఒక్కొక్కటే వస్తాయి, కంగారుపడకండి.

ఇంకో చిన్న విషయం. సెలవులకొచ్చిన మేనల్లుడు థీమ్ మార్చి నా కంప్యూటర్ బొమ్మ ఎగరగొట్టాడు. అదే పెట్టె అడుగున 'అలౌ థీమ్స్ టు చేంజ్ డెస్క్‌టాప్ ఐకాన్స్' అని టిక్కు ఉంటుంది, తీసేయండి. ఎక్స్‌పీ వాడేవాళ్ళకి ఈ సరుకంతా 'డిస్‌ప్లే ప్రాపర్టీస్'లో 'డెస్క్‌టాప్', 'కస్టమైజ్ డెస్క్‌టాప్' దగ్గర దొరుకుతుంది. అక్కడ 60 రోజులకోసారి డెస్క్‌టాప్ ఊడ్చే విజర్డ్ కూడా ఉంది. వాడని షార్ట్‌కట్లన్నీ పోగేసి ఒక ఫోల్డర్‌లోకి తోస్తానంటుంది, దాని టిక్కు కూడా తీసేయడం మంచిది.

కొనమనడానికి ఇది వస్తువు కాదు, వాడమనడానికి మీ ఇంట్లో ఎవరు కూర్చుంటారో నాకు తెలీదు. సిస్టమ్ మీరొక్కరే వాడుకునేదైతే ఏ బొమ్మయినా పెట్టుకోండి, ఐకాన్ ఫైళ్ళు మాత్రం సీ డ్రైవ్‌లో ఎవరూ ముట్టుకోని మూల దాచుకోండి. నాలాగా ఇంకొకరి కళ్ళ కోసం మార్చేటట్టయితే, బొమ్మ పెట్టేముందు ఇదేంటని వాళ్ళనే అడగండి. నేను అడగలేదు. నా లెక్కన ఇప్పుడు ఐదుకి మూడు, అందులో ఒకటి ఆ బటన్ మొహం చూసి.

గంప మాత్రం మళ్ళీ వచ్చింది. నాన్నే పెట్టమన్నారు. ఇప్పుడది 'పూర్తయినవి' ఫోల్డర్ బొమ్మ, రీసైకిల్ బిన్ పేరు 'చెత్త' అని మార్చాం. ఫోల్డర్‌కి రెండు బొమ్మలు కుదరవు కాబట్టి నిండు గంపే పెట్టాను. దాంతో కొత్త పేచీ మొదలైంది. రోజూ కొట్టు తెరవగానే తెర వైపు చూసి, "గంప నిన్న నిండింది నిండినట్టే ఉంది, దింపేదెప్పుడ్రా?" అంటారు.