మూడు నదుల నీళ్లు, ఒక్క అడవి: నల్లమలలో నాలుగు రోజులు

ఆత్మకూరు వైపు కురిసిన వాన భవనాశిలో పడి కృష్ణకు పోతుంది. నంద్యాల వైపు పడింది కుందూ పట్టుకుని పెన్నలో కలుస్తుంది. కంభం వైపు జారిన నీళ్లు గుండ్లకమ్మగా సొంత దారిలో సముద్రం చేరతాయి. ఇవన్నీ నల్లమల కొండల మీది నీళ్లే. పులికి ఈ పంపకాలతో పనిలేదు, దానికి ఇదంతా ఒకటే అడవి. డిసెంబరులో నేనూ మా బావా వెళ్లింది ఆ అడవి ఎక్కడిదాకా తెగకుండా ఉందో చూద్దామని.

మొదటి మజిలీ ఆత్మకూరు దగ్గరి బైర్లూటి. అటవీ శాఖ నడిపే విడిది. గుడారాలు శుభ్రంగా ఉన్నాయి, పనివాళ్లు ఆదరంగా చూశారు. శని, ఆదివారాలు వద్దు, జనం ఎక్కువ. ఆత్మకూరు, దోర్నాల మధ్య అడవి దారిని రాత్రి 9కి మూసేస్తారు, మళ్లీ తెల్లవారి 6కే తెరుస్తారు. దీనికి విసుక్కునే ప్రయాణికులను చూశాను. నాకైతే ఆ నిశ్శబ్దం కోసమే అక్కడ ఇంకో రాత్రి ఉండాలనిపించింది.

పొద్దున్నే జీపులో మాతో వచ్చింది ఒక చెంచు కుర్రాడు. బండి ఆపించి, దుమ్ములో పడిన అడుగు పక్కన కూర్చున్నాడు. "రాత్రి మంచు కురిసినాక నడిచింది సార్" అన్నాడు. ఎట్లా తెలుసని బావ అడిగితే వేలితో చూపించాడు. చెట్ల ఆకుల నుంచి కారిన మంచు చుక్కలకు దారంతా సన్నటి గుంటలు పడ్డాయి. అడుగు లోపల మాత్రం ఒక్కటీ లేదు, నున్నగా ఉంది. ఎటు పోయిందంటే గడ్డంతోనే దక్షిణం చూపించి, "అహోబిలం గుట్టలకు. ఆడనుంచి ఎటన్నా పోతది" అన్నాడు. పులి కనిపించలేదు. ఆ అడుగు చూశాక కనిపించలేదన్న దిగులు కూడా లేదు.

రెండో రాత్రి పచ్చర్ల విడిదిలో. ఇదీ అడవిలోనే, కానీ నంద్యాల–గిద్దలూరు రోడ్డు పక్కన. బస బాగుంది, నిద్రే పట్టలేదు. తెల్లవార్లూ లారీల మోత. ఈ కనుమలో రోడ్డుతో పాటు రైలు కూడా కొండ దాటుతుంది. మర్నాడు దిగువమెట్ట వైపు పోతూ ఒక కల్వర్టు దగ్గర దిగాం. మనిషి వంగితే తప్ప దూరలేడు. లోపల రాళ్లు, ప్లాస్టిక్ సీసాలు, వాటి మధ్య ఒక ముళ్లపంది ముల్లు. అంటే చిన్న ప్రాణి ఏదో దూరుతోంది. కణుజు లాంటి పెద్ద జింక గానీ పులి గానీ రోడ్డెక్కాల్సిందే.

దీనికి మందు లేకపోలేదు. నాగపూర్ దగ్గర పెంచ్ అడవిలో 44వ నంబరు జాతీయ రహదారి మీద, 16 కిలోమీటర్ల మేర 9 చోట్ల రోడ్డును ఎత్తి కట్టారు. ఒక్కోటి 50 నుంచి 750 మీటర్ల వెడల్పు. వాటి కింద నుంచి పులులు నడిచిపోవడం కెమెరాలకు చిక్కింది. 3,728 చదరపు కిలోమీటర్ల నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్న మనకు ఆ పాటి ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

కంభం చెరువు దగ్గర గంటసేపు ఆగాం, గుండ్లకమ్మ నీళ్లు చూడ్డానికి. ఆ రాత్రి దిగిన ఊళ్లో ఫోన్లో ఖాయం చేసుకున్న లాడ్జి గదిని వేరేవాళ్లకు ఇచ్చేశారు. రాత్రి పదకొండింటికి ఇంకోటి వెతుక్కున్నాం. ఈ దారిలో గదికి ముందే అడ్వాన్సు కట్టి రసీదు తీసుకోండి.

చివరి రోజు కడప దగ్గరి సిద్ధవటం, లంకమల కొండలు. నల్లమల నుంచి శేషాచలం దాకా పులి పోవాలంటే మధ్యలో ఆసరా ఈ కొండలే. పూర్తిగా అంతరించిందనుకున్న కలివి కోడి అనే అరుదైన పక్షి 1986లో మళ్లీ దొరికింది ఈ చుట్టుపక్కలే. అది దట్టమైన అడవిలో ఉండదు. కొండ దిగువన ముళ్లపొదలు, వాటి మధ్య ఖాళీ నేల, అదీ దాని ఇల్లు. రికార్డుల్లో బంజరు అని రాసుకోవడానికి సరిగ్గా సరిపోయే నేల. అడవులను కలిపేది కూడా చాలాచోట్ల ఇలాంటి నేలే.

సాయంత్రం ఆ పొదల్లో నడిచాం. గొర్రెల దారిలో నక్క అడుగులు కనిపించాయి. ఇంకాస్త ముందుకు పోతే కొత్తగా పాతిన హద్దు రాళ్లు, వాటికి తెల్ల సున్నం. చీకటి పడేదాకా చెవులు రిక్కించి కూర్చున్నా కలివి కోడి కూత వినబడలేదు. మీరు వెళ్తే పచ్చర్లలో ఒక రాత్రి తగ్గించుకునైనా ఇక్కడ ఒక సాయంత్రం ఉంచుకోండి. దారి చూపేవాళ్లను ఆ హద్దు రాళ్లు ఎంతవరకు వచ్చాయో అడగండి.