ఐస్‌ల్యాండ్ వేసవి ట్రెక్ కొనబోతున్నారా? మాకు జరిగింది చదివాక డబ్బు కట్టండి

ఈ వేసవికి ఐస్‌ల్యాండ్‌లో గైడ్‌తో నడిచే ట్రెక్ బుక్ చేసుకున్నవాళ్లు మిగతా డబ్బు కట్టే ముందు ఒక్క పని చేయండి. ఏ రాత్రికి ఏ హట్‌లో (నడక దారిలో రాత్రి బస చేసే గుడిసెలో) మీకు పడక ఉందో రాతపూర్వకంగా ఇవ్వమని అమ్మినవాళ్లను అడగండి. మేం అడగలేదు. అందుకే పోయిన జూలైలో నేనూ మా తమ్ముడూ కొండ మీద, పల్చటి వేసవి టెంట్‌లో, మూడు రాత్రులు వణుకుతూ గడిపాం.

మేం కొన్నది ఆరు రోజుల ప్యాకేజీ. లౌగావేగుర్ దారిలో నాలుగు రోజుల నడక, రాత్రుళ్లు హట్‌లలో బస, ఐదో రోజు సోల్హేమాయోకుల్ గ్లేసియర్ (హిమానీనదం) మీద నడక, ఆఖరి రోజు నీలి మంచు గుహ. మొత్తం డబ్బు నాలుగు నెలల ముందే కట్టేశాం. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ పద్ధతిలో అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారని తర్వాత తెలిసింది కాబట్టి, ఆ పద్ధతి ఎలా ఉంటుందో చెప్తాను.

లౌగావేగుర్ సుమారు 55 కిలోమీటర్ల దారి. లాండ్‌మన్నలౌగర్ దగ్గర మొదలై థోర్స్‌మోర్క్ లోయలో ముగుస్తుంది. మొదట పసుపు, గులాబీ, పచ్చ రంగులు కలిసిన రయోలైట్ అనే అగ్నిపర్వత రాతి కొండలు, వాటి మధ్య బుసలు కొట్టే ఆవిరి గుంటలు వస్తాయి. ఆ తర్వాత మంచు మైదానం, కిందికి దిగితే సరస్సు, దాన్ని దాటితే నల్లటి ఇసుక ఎడారి. ఇన్ని లోకాలు ఒకే దారిలో కనిపించే చోటు నాకు తెలిసి ఇంకోటి లేదు. వెళ్లొద్దని నేనెవరికీ చెప్పను. ఆ కొండలు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి. అంత గొప్ప చోటుకు మమ్మల్ని అంత నిర్లక్ష్యంగా తీసుకెళ్లారన్నదే నా బాధ.

మొదటి రోజు రాజధాని రెయిక్యావిక్‌లో బస్సు దగ్గర మాకు పరిచయమైన గైడ్ మేం డబ్బు కట్టిన సంస్థ మనిషి కాదు. ఆ సంస్థ ఇంకో సంస్థకు, వాళ్లు ఈయనకు పని అప్పగించారట. రెండు రోజుల ముందే ఫోన్ వచ్చిందని ఆయనే చెప్పాడు. మంచి మనిషి, కానీ మా పేర్ల జాబితా తప్ప ఆయన దగ్గర ఇంకేమీ లేదు. మా గుంపులో ఎవరికి మోకాలి నొప్పి, ఎవరికి ఆస్తమా అని బుకింగ్ ఫారంలో అన్నీ రాసిచ్చాం. అవేవీ ఆయన దాకా చేరలేదు.

లాండ్‌మన్నలౌగర్ నుంచి హ్రఫ్న్‌టిన్నుస్కెర్ 12 కిలోమీటర్లు. ఈ దారిలో ఇదే ఎత్తైన హట్, వెయ్యి మీటర్లకు పైనే ఉంటుంది. జూలైలోనూ అక్కడ మంచు పరుచుకునే ఉంది. సాయంత్రానికి గాలి పెరిగింది, వాన కాస్తా మంచుగా మారింది. హట్ తలుపు దగ్గర, దాన్ని చూసుకునే వార్డెన్ తన జాబితా రెండుసార్లు చూసింది. మా గుంపు పేరు లేదు. ఆ రాత్రికే కాదు, తర్వాతి హట్‌లకూ లేదని ఫోన్ చేసి కనుక్కుని చెప్పింది. ఈ హట్‌లు నడిపేది ఫెర్ధాఫెలాగ్ ఈస్లాండ్స్ అనే పాత ట్రెక్కింగ్ సంఘం, 1927 నుంచి ఉంది. వాళ్ల పడకలు సీజన్‌కు నెలల ముందే నిండిపోతాయి. ఆ సాయంత్రం అడిగితే దొరికేవి కావు.

మా సామాన్లు తెచ్చిన జీపు వెనక తలుపు తెరిస్తే లోపల మా గుంపుకు సరిపడా టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు లెక్కగా సర్ది ఉన్నాయి. పొరపాటున బుకింగ్ తప్పిపోయి ఉంటే ఆ టెంట్లు అక్కడ ఎందుకుంటాయి? హట్‌లు లేవని వాళ్లకు మేం బయల్దేరక ముందే తెలుసు. మాకు చెప్తే రద్దు చేసుకుంటామని చెప్పలేదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

టెంట్‌లో పడుకోవడం అవమానమేం కాదు. ఆ రాత్రి మా పక్కనే గాలికి అడ్డంగా పేర్చిన రాళ్ల గోడల మధ్య టెంట్ వేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు దానికి తయారై వచ్చారు. మా స్లీపింగ్ బ్యాగులు పల్చటివి, కింద పరుచుకునే మ్యాట్ ఒక పొర ఫోమ్ మాత్రమే. అరవై దాటిన ఒకావిడకు రాత్రి పది గంటలకు మాట తడబడడం మొదలైంది. శరీరం వేడి పడిపోతోందనడానికి అదొక గుర్తు. గైడ్ పరుగున వెళ్లి వార్డెన్‌ను పిలిచాడు, వాళ్లు ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లి వంటింట్లో వెచ్చగా కూర్చోబెట్టారు. మేమంతా వంతులవారీగా లోపలికి వెళ్లి చేతులు వేడి చేసుకున్నాం.

ఆ సాయంత్రం హట్‌కు చేరే ముందు మేం ఒక స్మారకం పక్కనుంచే నడిచాం. 2004 జూన్ చివర్లో 25 ఏళ్ల యువకుడొకడు తుపానులో చిక్కుకుని అక్కడ చనిపోయాడు. హట్ ఇంకో కిలోమీటరు దూరంలోనే ఉంది. అది చదివాక మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ దారిలో హట్‌లో పడక అనేది సౌకర్యం కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం. అది ఉందని చెప్పి డబ్బు తీసుకుని, లేకుండా పైకి పంపడాన్ని చిన్న పొరపాటని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

తర్వాతి రోజుల్లో వాగులు. ఆల్ఫ్టావాట్న్ సరస్సు దాటాక వచ్చే బ్లాఫ్యాల్లక్విస్ల్‌కు వంతెన లేదు, నీళ్లలో దిగే దాటాలి. నీళ్ల కోసం వేరే చెప్పులు తెచ్చుకోవాలని మాకిచ్చిన సామాన్ల జాబితాలో లేదు. సగం మంది ఉత్త మేజోళ్లతో దిగారు. నడుము దగ్గర బ్యాగు బకిల్ విప్పుకోవాలి (పడితే వదిలించుకోవడానికి), చేతులు పట్టుకుని నడవాలి అని గైడ్ ఒడ్డున నిలబడి ఓపిగ్గా చెప్పాడు. గ్లేసియర్ నుంచి వచ్చే నీళ్లు పొద్దున తక్కువగా ఉండి, ఎండెక్కి మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి పెరుగుతాయి. కానీ చలికి నిద్రపట్టని గుంపును తెల్లవారుజామున లేపి నడిపించడం ఎవరి తరమూ కాదు. మేం ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఇంకొకటి. ఈ దారి పక్కనున్న మిర్దల్స్‌యోకుల్ అనే పెద్ద గ్లేసియర్ మంచు కింద కట్లా అగ్నిపర్వతం ఉంది. దాని చివరి పెద్ద పేలుడు 1918లో. పైకి ఏమీ కనిపించకపోయినా, లోపలి వేడికి కరిగిన నీళ్లు మంచు కింద నుంచి ఒక్కసారిగా వరదలా దూకుతాయి. 2024 జూలైలో అలాంటి వరదే స్కౌల్మ్ నదిలోకి వచ్చి దేశం చుట్టూ తిరిగే ప్రధాన రింగ్ రోడ్డును మూయించింది. హెచ్చరిక వస్తే ఎటు వెళ్లాలని అడిగితే, తనకు ఆ ప్లాన్ ఎవరూ ఇవ్వలేదని మా గైడ్ నిజాయతీగా ఒప్పుకున్నాడు. రాతపూర్వక భద్రతా ప్లాన్ ఉండడం అక్కడ టూర్ నడిపేవాళ్లకు చట్టప్రకారం తప్పనిసరి.

ఐదో రోజు గ్లేసియర్. బూటు కింద కట్టుకోవడానికి ఇచ్చినవి రబ్బరు పట్టీలకు చిన్న మేకులున్నవి. ఊళ్లో మంచు పడిన ఫుట్‌పాత్ మీద నడవడానికి వాడేవి అవి. గ్లేసియర్ మీద పొడుగు ముళ్లున్న క్రాంపాన్లు, హెల్మెట్, నడుముకు కట్టుకుని తాడు తగిలించుకునే హార్నెస్ ఉండాలి. హెల్మెట్లే లేవు. గ్లేసియర్ మీద నడిపించడానికి ప్రత్యేక శిక్షణ ఉందా అని గైడ్‌ను అడిగాను. లేదన్నాడు. పగుళ్లు ఎక్కడున్నాయో, వాటి మీద వంతెనలా కప్పిన ఏ మంచు బరువు ఆపుతుందో ఆ శిక్షణ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మేమిద్దరం ఎక్కలేదు. మమ్మల్ని చూసి ఇంకో ముగ్గురు ఆగారు. అప్పటికి ఆయన కూడా ఊపిరి పీల్చుకుని, ఎవరినీ ఎక్కించకుండా అంచు దాకా నడిపించి వెనక్కి తెచ్చాడు.

ఆరో రోజు నీలి గుహ. పొద్దున్నే మెసేజ్: వాతావరణం బాగోలేక రద్దు. బయట ఎండ కాస్తోంది. ఐస్‌ల్యాండ్ వాతావరణ సంస్థ సైట్‌లో ఆ ప్రాంతానికి ఏ హెచ్చరికా లేదు. అసలు సంగతి, ఆ బ్రోచర్‌లో చూపించిన లాంటి సహజమైన నీలి గుహలు చలికాలానివి. వేసవిలో మంచు కరిగి పైకప్పు బలహీనపడుతుంది. 2024 ఆగస్టులో బ్రెయిధామెర్కుర్‌యోకుల్ గ్లేసియర్ దగ్గర మంచు కూలి ఒక పర్యాటకుడు చనిపోయాడు, వెంటనే వత్నాయోకుల్ నేషనల్ పార్క్ అక్కడ గుహ టూర్లు ఆపేసింది. కట్లా పేరుతో వేసవిలోనూ చూపించే గుహ ఒకటి ఉంది, బూడిద చారలతో నల్లగా ఉంటుంది. కానీ మాకు అమ్మింది అది కాదు. జూలైలో జరగని టూర్‌ను జూలైకి అమ్మి, ఆ పొద్దున వాతావరణం మీదకు నెట్టేశారు.

తిరిగొచ్చాక ఫిర్యాదు చేస్తే ప్రతిదానికీ ఆ ఒక్క మాటే. హట్‌లు వాతావరణం వల్ల లేవు, గ్లేసియర్ వాతావరణం వల్ల ఆగింది, గుహా అంతే. డబ్బు తిరిగి ఇవ్వరు, వచ్చే ఏడాదికి వోచర్ ఇస్తారట. హట్‌లో ఆ రాత్రి వేరే గుంపులు హాయిగా పడుకున్నాయి. మా మీద మాత్రమే కురిసిన వాన ఏమిటో వాళ్లే చెప్పాలి.

మీకు పనికొచ్చేది ఇక్కడ ఉంది. ఐస్‌ల్యాండ్‌లో గానీ, యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో (ఈయూ దేశాలు, ఐస్‌ల్యాండ్, నార్వే, లిక్టెన్‌స్టైన్) ఇంకెక్కడైనా గానీ నమోదైన సంస్థ దగ్గర ప్యాకేజీ కొంటే ప్యాకేజీ ప్రయాణాల చట్టం మీకు వర్తిస్తుంది. ఐస్‌ల్యాండ్‌లో అది 2018లో వచ్చింది. చెప్పిన సేవ ఇవ్వకపోతే ధర తగ్గించాలి. నిజంగా తుపాను వల్లే ఆగినా అంతే. తుపాను వాళ్లను అదనపు నష్టపరిహారం నుంచి తప్పిస్తుందేమో గానీ, ఇవ్వని దానికి డబ్బు ఉంచుకోనివ్వదు. బయల్దేరక ముందే ముఖ్యమైన భాగం మారిస్తే మీకు చెప్పాలి, మీరు రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు, 14 రోజుల్లో డబ్బు తిరిగి రావాలి. తగినంత మంది రాలేదని వాళ్లే రద్దు చేయాలనుకుంటే, ఆరు రోజులు మించిన ట్రిప్‌కు 20 రోజుల ముందు, రెండు నుంచి ఆరు రోజుల ట్రిప్‌కు 7 రోజుల ముందు చెప్పాలి. అయితే తప్పు కనిపించిన వెంటనే, అక్కడి నుంచే, వాళ్లకు రాసి పంపండి. ఇంటికొచ్చాక రాస్తే బలం తగ్గుతుంది.

మాకు అమ్మిన సంస్థ ఆ దేశాల్లో ఎక్కడా నమోదు కాలేదు. సైట్ అంతా ఐస్‌ల్యాండ్ జెండాలే, అడుగున చిన్న అక్షరాల్లో చిరునామా ఎక్కడిదో. నేను ఆ లైన్ చదవలేదు. హట్ అన్న చోట "లేదా తత్సమాన బస" అని ఉన్న లైన్ కూడా చదవలేదు. మీరు ఆ రెండూ చదవండి. ఐస్‌ల్యాండ్‌లో టూర్ నడిపేవాళ్లకు అక్కడి టూరిస్ట్ బోర్డ్, ఫెర్ధామాలాస్తోవా, లైసెన్స్ ఇస్తుంది. లైసెన్స్ ఉన్నవాళ్ల జాబితా వాళ్ల సైట్‌లో ఉంటుంది. మీకు అమ్మేవాళ్ల పేరు మాత్రమే కాదు, అక్కడ మిమ్మల్ని నిజంగా తీసుకెళ్లేది ఎవరో అడిగి, ఆ పేరూ అందులో వెతకండి. గ్లేసియర్ ఉంటే గైడ్‌కు ఆ శిక్షణ ఉన్నట్టు రాసివ్వమనండి. సమాధానం రావడానికి వారం పట్టినా, తిప్పి తిప్పి చెప్పినా, నేనైతే ఇక అడ్వాన్స్ కట్టను.

మా విషయానికొస్తే, కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో వివాదం వేశాం. ఆ రోజు వాతావరణ పేజీ ఫోటో తీసి ఉంచడం వల్ల గుహ డబ్బు వెనక్కి వచ్చింది. హట్‌ల డబ్బు కోసం, వాటిని నడిపే ఆ ట్రెక్కింగ్ సంఘం ఆఫీసుకు మెయిల్ రాశాను. మా గుంపు పేరు మీద ఆ వారం ఏ బుకింగూ లేదని మర్నాడే సమాధానం పంపారు. దాన్ని బ్యాంకుకు ఇచ్చాను, ఇంకా తేలలేదు. ఆ ఒక్క మెయిల్ ప్రయాణానికి ముందే రాసి ఉంటే మేం అసలు బయల్దేరేవాళ్లం కాదు. హట్‌లు సాధారణంగా జూన్ చివర్లో తెరుస్తారు. మీ తేదీలు, సంస్థ పేరు పెట్టి ఆ ఆఫీసుకు ఈరోజే రాయండి.