రోగిని వెంటబెట్టుకుని గుణదల, మెదక్, వేళాంగణి

విజయవాడ గుణదలలో మరియ మాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. ఒంట్లో బాగోలేని మనిషిని తీసుకెళ్లేవాళ్లు సరిగ్గా ఆ మూడు రోజులే మానుకోవాలి. లక్షల మంది వస్తారు, వెనకనుంచి తోపులాట, మాత ముందు నిలబడి మరియ తల్లికి చెప్పే చిన్న ప్రార్థన, ఒక్క మంగళవార్త జపం కూడా పూర్తిగా చెప్పుకునే వీలుండదు. నొప్పితో వచ్చినవాళ్లకి కావలసింది కూర్చోవడానికి చోటు, కాసేపు తీరిక. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్తే ఆ రెండూ దొరుకుతాయి.

గుణదల కొండ మీద మాత స్వరూపాన్ని 1924లో పెట్టారు. ఉత్సవాల చివరి రోజైన ఫిబ్రవరి 11నే, 1858లో, ఫ్రాన్స్‌లోని లూర్దులో మరియ తల్లి మొదటిసారి కనిపించిందని విశ్వాసం. 1993 నుంచి కథోలిక సంఘం అదే రోజును ప్రపంచ రోగుల దినంగా పాటిస్తోంది. గుణదలలో మొక్కులంటే కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాలు. శిఖరాన సిలువ ఉంది, అక్కడిదాకా మెట్లే. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మాత స్వరూపం ఉన్న గుహ దగ్గరే ఆగిపోవాలి; పైకి ఎక్కకపోతే మొక్కు తీరదన్న నియమమేమీ లేదు. బెజవాడ ఎండకి రాతిమెట్లు కాలతాయి, పది దాటకుండా దిగిపోవడం మేలు. బసకి కొండ దగ్గర వెతకనక్కర్లేదు, నగరంలో లిఫ్టు ఉన్న హోటల్ చూసుకుంటే చాలు.

చాలామంది మరిచిపోయేది వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే రోగికి తైలం రాసి ప్రార్థించే సంస్కారం. చివరి ఘడియలకే అనుకుని అడగడానికి జంకుతారు. జబ్బు తీవ్రంగా ఉన్నా, పెద్ద ఆపరేషన్ ముందున్నా అడగవచ్చు. జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు. ఫాదర్ గారు రోగి తల మీద చేతులుంచి ప్రార్థించి, నుదుటికీ అరచేతులకీ తైలం రాస్తారు. పూజ మొదలవబోతుండగా కాదు, ముందే పుణ్యక్షేత్రం ఆఫీసులో చెప్పి ఉంచండి.

దుఃఖంలో ఉన్నవాళ్లకి మాత్రం మెదక్. అక్కడిది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారి చర్చి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకి పని, తిండి ఇస్తూ కట్టిన గుడి అది. ఆ సంగతి తెలిసి లోపల కూర్చుంటే వేరుగా ఉంటుంది. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపే రంగుటద్దాల కిటికీలు పగటి వెలుగులోనే పలుకుతాయి, చీకటి పడ్డాక నల్లగా ఉంటాయి. హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లే, కాబట్టి రాత్రి బస అక్కర్లేదు. క్రిస్మస్ నాడు మాత్రం నిశ్శబ్దం ఆశించకండి.

తమిళనాడులో నాగపట్నం దగ్గరున్న వేళాంగణి మాత క్షేత్రం దూరం, రోగికి అలసట. మన రైళ్లు ఎక్కువగా చెన్నై సెంట్రల్‌లో దింపుతాయి, నాగపట్నం వైపు రైళ్లు ఎగ్మోర్ నుంచో తాంబరం నుంచో బయల్దేరుతాయి. టికెట్ మీద స్టేషన్ పేరు చూడక సామానుతో, రోగితో పరుగులు పెట్టేవాళ్లు ఎందరో. ఎగ్మోర్ అయితే మెట్రోలో ఒక్క స్టేషనే. ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 8 దాకా ఉత్సవం, అప్పుడు ప్రైవేటు లాడ్జీల రేట్లు మండిపోతాయి. పుణ్యక్షేత్రం వారి గదులకి ముందుగా ప్రయత్నించండి, కింది అంతస్తు అడగండి. తెలుగు పూజ ఎప్పుడో వచ్చిన వెంటనే కనుక్కోండి.

అక్కడి ఇసుక దారిలో మోకాళ్ల మీద నడిచే మొక్కు ఉంది. షుగర్ వల్ల కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లు దాని జోలికి పోవద్దు: చర్మం గీరుకుపోయినా, ఇసుక కాల్చినా తెలియదు, గది చేరాక పుండు కనబడుతుంది. వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు నడవవచ్చు. సముద్ర స్నానానికి రోగిని దింపవద్దు, లాగేసే అలలు. మొక్కు పేరుతో ఇన్సులిన్, బీపీ మాత్రలు ఆపేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. గురువులెవరూ అలా చెప్పరు.

మంచం దిగలేనివాళ్లకి ఈ ప్రయాణాలేవీ వద్దు. విచారణ గురువుకి, అంటే మీ చర్చి ఫాదర్ గారికి, కబురు చేస్తే దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) ఇంటికే తెస్తారు. మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద తెల్లగుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, గ్లాసులో మంచినీళ్లు సిద్ధం చేయండి. దాన్ని తీసుకునే ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న ఉపవాస నియమం రోగికి లేదు, కనిపెట్టుకుని ఉండేవాళ్లకీ లేదు. ఫాదర్ గారు వచ్చేసరికి టీవీ కట్టేసి, మాత్రల వేళ అయితే ముందు మాత్రలు వేయండి.